నలభై నిమిషాల బేరం

విమానం దిగేనాటికి అతని చేతిలో ఉన్నవి మూడే. పుస్తకాల్లోంచి బట్టీ పట్టిన నాలుగు వేల ఇంగ్లీషు మాటలు, వాటిలో ఒక్కటీ వేళకు బయటికి తీయలేని నోరు, ఐదు నెలల గడువు.

ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా పరాయి దేశపు కాలేజీలో ఒక్క సెమిస్టర్. గిడ్డంగుల్లో ధాన్యం పాడవకుండా నిలవ ఉంచడం అతను ఎంచుకున్న చదువు.

చివర్లో కాగితం చూడకుండా పదిహేను నిమిషాలు ఇంగ్లీషులో ప్రసంగించాలి. అది తప్పితే ఈ చదువు ఇంటి దగ్గర కాలేజీలో చెల్లదు. ఏడాది పోయినట్టే.

మొదటి వారం క్లాసులో లేచి రెండు వాక్యాలు చెప్పాడు.

ప్రొఫెసర్ మర్యాదగా నవ్వాడు. "రాసి ఇవ్వండి."

తోటివాళ్ళు "గుడ్, గుడ్" అని తలలూపారు.

అతను బట్టల వ్యాపారి కొడుకు. మెచ్చుకుని, కొనకుండా పోయేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. ఆ 'గుడ్'లను జమ వేసుకోలేదు.

రూమ్మేట్ తెలుగువాడే. చిక్కంతా అక్కడే. ఇద్దరూ గదిలో అడుగుపెడితే ఇంగ్లీషు గుమ్మం బయటే ఆగిపోయేది.

"మాట్లాడటానికి తీరిగ్గా ఉన్న మనిషి ఒకడు కావాలి బావా."

"తీరిగ్గానా? ఈ ఊళ్ళో బట్టలు ఉతుక్కునేవాళ్ళే తీరిగ్గా ఉంటారు. మెషీన్ ఆగేదాకా ఎక్కడికి పోతారు పాపం!"

రూమ్మేట్ వేళాకోళంగానే అన్నాడు. అతను మాత్రం ఆ శనివారం పొద్దున్నే మాసిన బట్టలు మూటగట్టి బయల్దేరాడు.

వీధి చివర, మెషీన్లో ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కునే దుకాణం. బట్టలు వేస్తే తీయడానికి నలభై నిమిషాలు.

బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. వెలిసిన కోటు, కాయలు కాసిన వేళ్ళు, ఒళ్ళో బట్టల బుట్ట.

"ఏం చదువుతున్నావు?" ఆయనే ఇంగ్లీషులో పలకరించాడు.

అతను ఊపిరి బిగబట్టి, పుస్తకంలో ఉన్నదంతా ఒక్క గుక్కలో ఒప్పజెప్పాడు.

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమిటీ?"

మళ్ళీ చెప్పాడు.

"ఏమిటీ?"

మూడోసారికి పెద్ద పెద్ద మాటలన్నీ రాలిపోయాయి. "ధాన్యం తడిస్తే పాడవుతుంది. పాడవకుండా చూడటం నేర్చుకుంటున్నాను."

"ఓహో! మంచి పని," అన్నాడు ముసలాయన.

అతను గదికొచ్చి మూట కింద పడేశాడు.

"దొరక్క దొరక్క ఒక్క మనిషి దొరికితే, ఆయనకి బ్రహ్మచెవుడు బావా!"

"గోడ కన్నా నయమే కదా. గోడైతే ఏమిటీ అని కూడా అడగదు."

అతను లెక్క వేసుకున్నాడు. ఇంతకన్నా మంచి మనిషి దొరికేదాకా ఆ నలభై నిమిషాలు వదులుకోవడం దండగ. పైగా వినపడనివాడు తప్పులు పట్టలేడు. సిగ్గుపడే పని లేదు.

వారం తప్పకుండా వెళ్ళాడు. గట్టిగా అరిచినా ముసలాయనకు అందేది కాదు. గబగబా చెబితే అసలే అందేది కాదు. చిన్న వాక్యం, నిదానంగా, మొహంలోకి చూస్తూ చెబితే మాత్రం మొదటిసారే అందేది.

ఒకసారి మాటల మధ్యలో ఆయన మెషీన్ వైపు వేలు చూపించాడు. "నీ చొక్కా గుండీ ఊడిపోయింది."

తీసి చూస్తే నిజమే. చెవులు పోయినా ముసలాయన కళ్ళు గట్టివే అనుకున్నాడు అతను.

మొదట్లో లెక్కలేనన్ని ఏమిటీలు. మూడో నెలకు మూడో నాలుగో.

"ముసలాయనకి చెవులు కాస్త బాగుపడుతున్నట్టున్నాయి బావా."

"ఇంతకీ నువ్వు వెళ్తున్నది ఇంగ్లీషుకా, వైద్యానికా?"

ప్రసంగం రోజు రానే వచ్చింది. హాల్లో అరవై మంది. పుస్తకంలోని పెద్ద వాక్యాలు నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి.

వెనక వరసలో ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకున్నాడు. ఆ పెద్ద వాక్యాలన్నిటినీ మింగేశాడు.

"ధాన్యం తడిస్తే పాడవుతుంది," అని మొదలుపెట్టాడు.

పదిహేను నిమిషాలు ఎప్పుడు గడిచాయో తెలియలేదు. ఈసారి ఎవరూ గుడ్ అనలేదు. ప్రశ్నలు అడిగారు. అడిగినవాటికల్లా జవాబు చెప్పాడు.

ప్రొఫెసర్ దగ్గరకొచ్చి చెయ్యి కలిపాడు. "రాసి ఇవ్వండి. కాలేజీ పత్రికలో వేద్దాం."

చివరి శనివారం. సాయంత్రం విమానం. బట్టల మూట లేకుండానే దుకాణానికి వెళ్ళాడు. ముసలాయనకు మళ్ళీ మళ్ళీ చెప్పే పని లేకుండా, పెద్ద అట్ట మీద జానెడు అక్షరాలతో థాంక్స్ అని రాసి తీసుకెళ్ళాడు.

బెంచీ ఖాళీగా ఉంది.

దుకాణం చూసుకునే ఆవిడ దుప్పట్లు మడతపెడుతోంది. "ఆయనా? మొన్న కూతురు వచ్చి వాళ్ళ ఊరు తీసుకెళ్ళిపోయింది బాబూ. ఇక రాడు."

"చిరునామా ఏమైనా ఇచ్చారా అండీ?"

"లేదే." ఆవిడ అట్ట వైపు చూసి నవ్వింది. "అదేమిటి, అంతంత అక్షరాలు?"

"ఆయనకి వినపడదు కదండీ."

ఆవిడ చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"ఆయనకా! ఈ ఊళ్ళో ఏ పియానో శ్రుతి తప్పినా నలభై ఏళ్ళు ఆయన్నే పిలిచేవాళ్ళు. నా మెషీన్లో గుండీ రాలినా ఇక్కడ కూర్చునే చెప్పేవాడు."

అతను అట్ట ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు.

లెక్క చూసుకుంటే, తెచ్చుకున్న నాలుగు వేల మాటలూ అలాగే ఉన్నాయి, వాటికి నోరొచ్చింది, ఐదు నెలల మీద కొన్ని వందల ఏమిటీలు వచ్చి చేరాయి. వాటిలో ఒక్కటి కూడా ఆ ముసలాయన వినపడక అడిగింది కాదు.