పిచ్చుకల పెట్టెలో పొడి

“మూడూ పోయాయి,” అన్నారు ఆదాము మాస్టారు స్టూలు దిగుతూ. ఆయన అరచేతిలో ఈకలైనా సరిగా రాని మూడు పిచ్చుక పిల్లలు.

కోడలు దేవకుమారి చంకలోని నాలుగు నెలల పాపను అదుముకుంది.

“రేకు మూత వద్దంటే విన్నారా?” అంది అత్తగారు రాజమ్మ. “మన రేపల్లె ఎండకి పెనం మీద పెట్టినట్టు మాడిపోయుంటాయి.”

“అవునే. నాదే తప్పు.”

టీ పెట్టె చెక్కలతో ఆ గూడు చేసి పడమటి వసారాలో బిగించింది ఆయనే. రిటైరయ్యాక ఆయనకి అదే బడి.

మొన్న ఆ పెట్టెలోంచి పురుగులు రాలి, కింద ఉయ్యాల్లో ఉన్న పాప ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. దేవకుమారే ఎవరూ చూడకుండా స్టూలెక్కి, నల్లుల మందు గుప్పెడు గూట్లో చల్లింది.

ఆ ఇంట్లో ఎవరూ చూడని క్షణం దొరకడమే గగనం. పాపతో పుట్టింటి నుంచి వచ్చిన ఈ నెలన్నరగా అంతే. బావికెళితే అత్తగారు వెనకే. తలుపేసుకుంటే “గడియెందుకమ్మా?” అని మామగారి పిలుపు. తెనాలిలో గుమాస్తాగా చేసే భర్త జార్జి ఆదివారం వచ్చి, గడ్డం గీసుకున్న బ్లేడు కూడా సంచిలో వేసుకుపోతాడు. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిన పిల్లంటే ఇంతే లోకువ కాబోలనుకునేది. ఊరికే ఏడుపొచ్చేది.

మధ్యాహ్నం మాస్టారు అన్నం ముట్టలేదు. తల్లి పిచ్చుక నోట పురుగు కరుచుకుని పెట్టె చుట్టూ తిరుగుతూనే ఉంది. పాప పాలు తాగనని మొహం తిప్పేసుకుంది. దేవకుమారి వెళ్లి చేతులు మళ్లీ కడుక్కుంది.

సాయంత్రం ఆయన సుత్తి తెచ్చారు. “ఈ పాపం ఇక చాలు. పీకేస్తాను.”

“మీ పాపం కాదండి మామయ్యగారూ!” దేవకుమారి అడ్డం వచ్చింది. “నేనే చంపానండి.”

జరిగిందంతా చెప్పేసింది. “ఆ చేత్తోనే పాపనెత్తుకున్నానండి. పొద్దుట్నుంచి పాలు ముట్టట్లేదు. దీనికేమన్నా అయితే...”

మాస్టారు సుత్తి కింద పెట్టారు. “ఏం కాదు తల్లీ. ఎండకి చిరాకు పడుతోందంతే. ఆ పొడికి పిచ్చుకలు కూడా చావవు.”

“నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నారు.”

“కాదమ్మా. అది మైదాపిండి.”

“మందు వాసనొచ్చిందండి!”

“అది డబ్బా వాసన. మందు పారబోసి పిండి నింపింది నేనే.”

“నాకు చెప్పొద్దూ?” రాజమ్మ గయ్యిమంది. “నెల్రోజులుగా మంచానికి ఆ పొడే కొడుతున్నా! నల్లులు బలిసి ఊరేగుతున్నాయి!”

ఎవరూ నవ్వలేదు. దేవకుమారికి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది.

“నామీద అంత నమ్మకం లేదాండీ? ఇంట్లో డబ్బా ముట్టుకోవడం కూడా చేతకాదా నాకు? ఎందుకు చేశారలా?”

ఆయన కోడలి మొహంలోకి చూడలేక పాప వంక చూస్తూ అన్నారు.

“నువ్వు కలుపుకు తాగుతావేమోనని, తల్లీ.”