కొండెక్కిన జీపు

ఇరుసు విరిగి బావాబామ్మర్దులిద్దరినీ ఇరుకున పడేసింది. నాలుగు చక్రాలూ లాగాల్సిన జీపుకి మెకానిక్ వెనక షాఫ్టు ఊడదీసి, "ప్రస్తుతానికి ముందు చక్రాలే లాగుతాయి. ఎత్తొస్తే ఒకళ్లు దిగి తొయ్యాలి" అన్నాడు. కొండ అవతల ఆసుపత్రిలో డ్రైవరు భార్యకి నొప్పులు మొదలయ్యాయి. తెల్లారేదాకా ఆగే ఓపిక అతనికి లేదు.

సగం ఎక్కారో లేదో, ముందు చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి.

"దిగరా బామ్మర్దీ! తిన్నదంతా అరిగేలా తొయ్యి!"

"మా అక్క కోసం దిగుతున్నా బావా, నీ మొహం చూసి కాదు" అంటూ దిగాడు భార్య తమ్ముడు.

మరుక్షణమే బండి కదిలింది. ముందు చక్రాలు ఇంకా జారుతూనే ఉన్నాయి. అయినా బండి మెత్తగా, ఒక్క కుదుపైనా లేకుండా పైకి పోతోంది. వీడికింత బలం ఎక్కడిదని డ్రైవరు నవ్వుకున్నాడు. పైన చదును తగిలాక, "చాల్లేరా, ఎక్కు!" అని కేకేశాడు.

ఎక్కడో కింద, చీకట్లోంచి రొప్పుతున్న గొంతు వినిపించింది.

"ఆగు బావా! దిగుతూనే జారి పడ్డాను. నేనింకా చెయ్యే వెయ్యలేదు!"

డ్రైవరు రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. చక్రాలు బిగుసుకుపోయాయి. ఆ చదును రోడ్డు మీద జీపు మాత్రం, ఆసుపత్రి వైపే, మెత్తగా పోతూనే ఉంది.