కొరకలేని పళ్ళు

పెంపుడు కుక్కలన్నిటికీ పెట్టుడు పళ్ళు తప్పనిసరి అయ్యాక నా పనల్లా వాటి చిగుళ్ళు చూడటమే. పళ్ళలో పేర్లు రాసిపెట్టిన ఇంటివాళ్ళ ఒంటికి తగిలితే చాలు, ఆ పళ్ళు రబ్బరులా మెత్తబడిపోతాయి. ఇక కుక్క కరుస్తుందన్న భయమే లేదని అందరూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను.

ఇవాళ హైమవతి అనే ఆవిడ తెచ్చిన నల్లకుక్కకి చిగుళ్ళ నిండా నెత్తురే.

"పళ్ళు తోమడం మానేశారా?" అన్నాను విసుగ్గా.

"లేదండీ. రోజూ పొద్దున్నే నేనే తోముతాను."

పళ్ళలోని రికార్డు తెరిచి చూశాను. మెత్తబడ్డ పళ్ళతోనే, పట్టు విడవకుండా, ఈ నెలలో పద్నాలుగుసార్లు కరవబోయింది. పద్నాలుగుసార్లూ ఒకే మనిషిని. ఆవిడ భర్తని.

తలెత్తి చూశాను. ఆవిడ మోచేతి మీద కమిలిన మచ్చని కొంగుతో కప్పుకుంది.

"ఆయన పేరు తీసెయ్యడం కుదరదాండీ?"

"కుక్క ఆయన పేరు మీదే ఉందమ్మా. ఆయనే వచ్చి సంతకం పెట్టాలి."

ఆవిడ కుక్క తల నిమిరింది.

"అయితే చిగుళ్ళకి నొప్పి తగ్గే మందేదైనా రాసివ్వండి డాక్టరుగారూ. ఎంత చెప్పినా ఇది ఊరుకోవడం లేదు."