లంగరు చూడ్డానికి దిగాను

డూడూ,

రేపు సాయంత్రానికి తుఫాను మన కారియాకూ దీవి మీదికి వస్తుందట. పడవను మడచెట్ల మధ్యకు లాగి కట్టాం. లంగరు పట్టిందో లేదో చూడ్డానికి, మీ అన్న గాలి సిలిండరు తగిలించుకుని నేనే దిగాను.

బురదనీళ్లలో నా చెయ్యే నాకు కనబడలేదు. గొలుసు పట్టుకుని సగం దాకా దిగేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి వచ్చేశాను.

పక్క పడవలోంచి గాడ్విన్ నవ్వాడు. "ఏం పిన్నీ, పీతలు తరిమాయా?"

"తరిమాయిరా. మగాడివైతే నువ్వు దిగు!"

ఒళ్లు తుడుచుకోకుండానే నీకిది రాస్తున్నాను.

పోయినేడు మీరిద్దరూ నీళ్లలోకి దిగినప్పుడు ఇలాగే సగంలోంచి నువ్వు వచ్చేశావు, మీ అన్న రాలేదు. వాణ్ణి వదిలేసి వచ్చిన పిరికిదానివని తిట్టి, నిన్ను పడవలోంచి దింపేశాను.

అక్కడ ఎంత భయమో ఇవాళ తెలిసింది తల్లీ. నీ తప్పేం లేదు.

వేళకి కడుపునిండా తిను.

అమ్మ