మధ్య సీటు

"ఆ కిటికీ మూయమని చెప్పవే ఆవిడతో," అంది టైలరమ్మ, పక్కనున్న టీచరమ్మతో.

"గాలి పడనివాళ్లు ఇంట్లో కూర్చోవాలని చెప్పవే," అంది కిటికీ దగ్గరి నర్సమ్మ.

ఏడాదిగా ఆ స్నేహితురాళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసేది టీచరమ్మే. సరదాగా సిటీ చూసొద్దామని ఇద్దరినీ బస్సెక్కించి, మధ్యలో కూర్చున్నదీ ఆవిడే. సగం దారిలో ఆవిడకు నిద్ర పట్టేసింది. ఇక చెప్పించడానికి మనిషి లేదు.

"కిటికీ మూయి," అంది టైలరమ్మ నేరుగా.

"మూయను. నీ షాపు ఓపెనింగుకు నా మొహం చూపించొద్దని కబురు పెట్టావుగా."

"నేనెప్పుడు పెట్టాను? అతుకులేసే కొట్టుకు రావడం నామోషీ అన్నది నువ్వేగా."

"ఎవరితో అన్నాను?"

ఇద్దరి చూపులూ మధ్య సీటు మీద ఆగాయి. టీచరమ్మ టైలరమ్మ భుజం మీద తల వాల్చి హాయిగా గురక పెడుతోంది.

సిటీ వచ్చింది. బస్సు అక్కడినుంచి ఇంకా చాలా దూరం పోతుంది. గాలికి టీచరమ్మ లేస్తుందేమోనని నర్సమ్మ కిటికీ మూసింది. టైలరమ్మ ఆ తలను మెల్లగా సీటుకు ఆనించి లేచింది.

"ఆవిడ మీ మనిషి కాదా?" అన్నాడు కండక్టరు.

"మా మధ్యలో కూర్చుంది, అంతే," అని నర్సమ్మ వెనకే దిగింది టైలరమ్మ.