మగ్గం గుంత

“ముందు ఆ డబ్బు లోపల పెట్టుకో,” అన్నాడు వకీలు సేతుమాధవరావు. “దివాలా తీసినోడు అడక్కముందే ఫీజు బల్ల మీద పెట్టడం నా ప్రాక్టీసులో ఇదే చూడటం.”

సిద్దప్ప నోట్లు వెనక్కి తీసుకోలేదు. 1978 జులైలో ఒక సోమవారం. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు ఆదోని వచ్చాడు. చొక్కా భుజాన నూలు పోగులు అంటుకొని ఉన్నాయి. వకీలు వాటిని చూశాడు.

“మగ్గాలెన్ని?”

“రెండు సార్. ఒకటే ఆడతాంది.”

“ఎంతమందికి బాకీ?”

“ముగ్గురికి. మొదట కోర్టుకెక్కింది నూలంగడాయన. అరువుకు నూలిచ్చినాడు. ఆయన్ను చూసి కడమ ఇద్దరూ ఎక్కినారు.”

“మహానుభావుడు. దారి చూపించినాడు,” అని వకీలు నవ్వాడు.

సిద్దప్ప నవ్వలేదు. “దివాలా అర్జీ, ఐ.పి. అంటారే, అది యాడ వెయ్యాల సార్? డిక్రీ ఇచ్చిన మున్సిఫ్ కోర్టులోనేనా?”

“అందరూ ఆడికే పోయి తిరిగొస్తారు. చట్టంలో జిల్లా కోర్టు అని ఉంది. అట్లని కర్నూలు పోనక్కరలేదు. ఈడ సబ్ కోర్టుకు ఆ అధికారం ఇచ్చినారు.”

“మగ్గం పట్టుకుపోతారా?”

“పనిముట్లు ముట్టరు.”

“జైలు?”

“అర్జీ పడితే కోర్టును రక్షణ అడగొచ్చు. వారంటు వచ్చిందా?”

“వచ్చింది. మనిషిని చూపించేకి కోర్టు అమీను పక్కన నూలంగడాయన కూడా ఉన్నాడు. ఇంటామె మగ్గం గుంత మీద చీర కప్పింది. కాళ్లు పెట్టుకునే గుంత సార్ అది. దాంట్లో మనిషంతా పట్టాల. నూలంగడాయన చీర ఎత్తినాడు. ఎత్తి, మళ్లా కప్పేసినాడు. ఇంట్లో లేడని అమీనుకు చెప్పినాడు.”

“వాడే బాకీ వదిలేస్తే పోలేదా?”

“వదిలేసినాడు సార్. కడమ ఇద్దరు వినరు. వాళ్లూ వారంట్లు తెస్తాండారు.”

“బాగుంది! వీధిలో పరువు తీసి, మనిషిని గుంతలో కూర్చోబెట్టి, అప్పుడు దయ పుట్టిందా? అట్లాంటోణ్ని నమ్మొద్దప్పా.”

“నమ్మొద్దు సార్,” అన్నాడు సిద్దప్ప.

వకీలు వకాల్తా కాగితం ముందుకు జరిపాడు. “ఈడ సంతకం పెట్టు.”

సిద్దప్ప కలం ముట్టలేదు.

“మాదన్న గురువారం వచ్చి పెడతాడు సార్. కబురు పంపిస్తా. ఫీజు ఎవరిచ్చింది మాత్రం ఆయనకు చెప్పొద్దండి.”

“మాదన్న ఎవరు?”

“మగ్గాలు ఆయనవి.”

వకీలు కళ్లద్దాలు తీశాడు. “మరి నువ్వెవరప్పా?”

సిద్దప్ప భుజం మీది పోగు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

“నూలంగడి నాదే సార్.”