మూడుసార్లు బాగుచేసిన పైపు

"ఆ పెరటి గోడ ఇవాళో రేపో మన నెత్తిన పడుతుంది, చూస్తూ ఉండండి" అంది అమ్మ, టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

నాన్న పేపర్లోంచి తల ఎత్తలేదు. "పోయిన వారం గ్యాసు బండ పేలుతుందన్నావు. వరసలో ముందు అది ఉంది. అది పేలనీ."

నవ్వడానికి ఆయనకేం. చీకటి పడే వేళకి పెరట్లో పైపు టక్ టక్ మంటోంది. ఈ ఏడు వానలు మొదలైనప్పట్నుంచీ ఇదే వరస. లోపల ఏదో విరుగుతోందనీ, గోడ నానిపోతోందనీ అమ్మ భయం. ప్లంబర్ మూడుసార్లు వచ్చాడు. ఒకసారి వాషర్ మార్చాడు, ఒకసారి పైపు ముక్కే మార్చాడు, ఇంకోసారి మోటారు విప్పి మళ్ళీ బిగించాడు. వచ్చిన ప్రతిసారీ పానాతో పైపు మీద ఒక్కటి కొట్టేవాడు. చప్పుడు ఠక్కున ఆగేది.

"చూశారా అమ్మగారూ, నా చెయ్యి పడితే అంతే" అని వెళ్ళిపోయేవాడు. అతను గేటు దాటాడో లేదో, మళ్ళీ టక్ టక్. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

కూతురికి చెబుదామంటే ఆ వేళకి ఆ పిల్ల ఇంట్లో ఉండదు. చెరువులో ఉంటుంది.

పిల్ల ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే "గవర్నమెంటు పనే" అని ఊరుకునేది అమ్మ. కప్పల కోసం మోకాలి లోతు నీళ్ళలో నిలబడుతుందని ఏ నోటితో చెప్పడం?

ఆ చెరువులో ఒకప్పుడు గోరంత కప్పలు ఉండేవట. ఇంకెక్కడా లేవట. ఎవరో నాలుగు డబ్బులు వస్తాయని ఎక్కడిదో మీసాల చేపను తెచ్చి అందులో వదిలారు. అది గుడ్లనీ పిల్లల్నీ ఊడ్చిపెట్టేసింది. పోయిన ఏడాది పిల్లా, తోటివాళ్ళూ వలలేసి ఆ చేపల్ని ఒక్కటి మిగలకుండా తీసేశారు. చెరువు బాగుపడింది. కప్పే లేదు.

ఈ వానలకి రోజూ సాయంత్రం గట్టు మీద నిలబడి, పాతరోజుల్లో రికార్డు చేసిన ఆ కప్ప కూత వేస్తున్నారు. ఎక్కడైనా ఒక్కటి మిగిలి ఉంటే బదులు పలుకుతుందని. ఇంతవరకూ పలకలేదు. ఇవాళ ఆఖరి సాయంత్రం. ఇవాళ కూడా పలక్కపోతే ఆ కప్ప ఇక లేనట్టేనని పై ఆఫీసు తేల్చేస్తుంది. చెరువు మళ్ళీ చేపలవాళ్ళ చేతికి పోతుంది.

"ఆ కూత నువ్వూ ఒకసారి వినవే అమ్మా" అని పిల్ల ఒకరోజు ఫోన్ చెవి దగ్గర పెట్టబోయింది. అమ్మ చెవులు మూసుకుంది.

"వద్దు తల్లీ. కనపడకుండా పోయినవాటి గొంతు వింటే నాకు నిద్ర పట్టదు."

చెరువు పనిలో అమ్మకీ ఒక వాటా ఉంది. పోయిన ఏడాది బూట్లూ వలలూ కడిగింది ఆవిడే. కడిగిన నీళ్ళు కాలవలో పొయ్యొద్దంది పిల్ల. అందులో పిచ్చి మొక్క గింజ ఉన్నా, చేప గుడ్డు ఉన్నా ఇంకో చెరువు పాడైపోతుందట. మిద్దె మీద ఎండలో పోసెయ్యమంది. అమ్మ సరేనంది. అక్కడ కాకి వచ్చి ముక్కున కరుచుకుపోతే? అందుకని ఒక్క చుక్క బయటికి పోకుండా అన్నీ పెరట్లో పైపు పక్కనున్న పాత సిమెంటు తొట్టిలో పోసి, విరిగిన కిటికీ తలుపు మూతేసి, మీద ఇటుక పెట్టింది. నీళ్ళు ఇంకిపోతే గింజలు గాలికి ఎగురుతాయేమోనని, మూత సందులోంచి అప్పుడో చెంబు ఇప్పుడో చెంబు పోస్తూ వచ్చింది. లోపలికి తొంగిచూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు. మీసాల చేప ఎదురుగా కనపడితే?

సాయంత్రమైంది. ఫోన్ మోగింది. నీళ్ళలో ఉన్నంతసేపూ ఫోన్ కట్ చెయ్యకూడదని అమ్మ ఎప్పుడో ఒట్టు వేయించుకుంది. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదని అమ్మ పెరట్లోకి వచ్చింది. ఫోన్‌ని తొట్టి మూత మీద ఇటుక పక్కన పెట్టి స్పీకర్ నొక్కింది.

"మఫ్లర్ చుట్టుకున్నావా? నీళ్ళపాములుంటాయి, చూసుకో."

"చుట్టుకున్నానమ్మా. ఇక మాట్లాడకు, ఇక్కడ అందరికీ వినపడుతోంది. కూత వేస్తున్నాం."

అమ్మ రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాసేపటికి నాన్న వచ్చి భుజం తట్టాడు. అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు. అమ్మ వేళ్ళు తీసింది. ఫోన్లో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో ముక్కు ఎగబీల్చారు. పిల్లే. జలుబు కాదని అమ్మకి తెలుసు.

అమ్మకి గోడ గుర్తు రాలేదు, పాములు గుర్తు రాలేదు. 'ఒక్కటి పలకవే. నీకు పుణ్యముంటుంది, ఒక్కటంటే ఒక్కటి' అని ఆ కనపడని కప్పనే మనసులో బతిమాలుకుంది. నాన్న ఏ ఎకసెక్కమూ ఆడకుండా పక్కన నిలబడ్డాడు. అక్కడ గట్టు మీదా, ఇక్కడ పెరట్లోనూ ఎవ్వరూ కదల్లేదు.

"ఇక సర్దేద్దాం అమ్మాయ్" అంది ఫోన్లో పెద్ద మేడమ్, మెల్లిగా.

అప్పుడు, ఫోన్ కింద, మూతేసిన తొట్టిలోంచి, ప్లంబర్ మూడుసార్లు బాగుచేసిన పైపు టక్ టక్ మని బదులు పలికింది.